మదనపల్లె పిల్లలు, లండన్ ఇళ్లు

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు మన సంఘం వారు ఒక మాట కూడా చేర్చారు. పై దేశాల్లో చదువుకుంటున్న మన బడి పిల్లలు కూడా ఈసారి సంచిక చూస్తారట, వాళ్లకి పనికొచ్చేదిగా ఉంటే బాగుంటుందన్నారు. అమలాపురంలో ఇప్పుడు అలాంటి పిల్లవాడో పిల్లో లేని వీధి వెతుక్కోవాలి. వాళ్లకి బుద్ధులు చెప్పడం నావల్ల కాదు. అందుకని జిడ్డు కృష్ణమూర్తి గారి చిన్ననాటి సంగతులు రాస్తున్నాను. ఆయన్ని తత్త్వవేత్తగా లోకమంతా ఎరుగును. నాకు మాత్రం పరాయి ఇంట పెరిగిన తెలుగు కుర్రాడిగానే ఎక్కువ గుర్తుకొస్తారు.

పరాయి ఇంట చదువు మన కోనసీమకి కొత్తేమీ కాదు. మన తాతల తరంలో వారాలు చేసుకుని చదివినవాళ్లు ఎందరో. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. పెట్టింది తిని, మారు అడగకుండా లేవడం నేర్చుకున్నారు. అయితే వాళ్లకి వడ్డించిన తల్లి తెలుగే మాట్లాడేది. పప్పూ పులుసూ ఎరిగిన రుచే. కృష్ణకి ఆ రెండూ లేవు.

ఆయన 1895లో మదనపల్లెలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తల్లి సంజీవమ్మ 1905లో పోయింది. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన తండ్రి నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అక్కడ లెడ్‌బీటర్ అనే దొర కళ్లలో ఈ పిల్లవాడు పడ్డాడు. రాబోయే జగద్గురువు ఇతనేనని సమాజం నమ్మింది. 1910లో తండ్రి సంతకం పెట్టి కృష్ణనీ, మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానందనీ అనీబిసెంటు సంరక్షణకి అప్పగించాడు. వచ్చీరాని ఇంగ్లీషు బాగుచేయడమే అక్కడ మొదటి చదువు.

1911 మే నెలలో అన్నదమ్ములు లండన్‌లో దిగారు. స్టేషనుకి వచ్చినవాళ్లలో లేడీ ఎమిలీ లుట్యెన్స్ ఉంది. ఆవిడ మన వైస్రాయిగా చేసిన లార్డ్ లిట్టన్ కూతురు. ఆవిడ భర్త ఎడ్విన్ తరవాత కొత్త ఢిల్లీ కట్టిన వాస్తుశిల్పి. ఆవిడకి అయిదుగురు పిల్లలు. ఆ ఇంటికి ఈ ఇద్దరూ రాకపోకలు సాగించి సొంత పిల్లల్లాగే అయిపోయారు. తల్లి లేని కృష్ణ ఆవిడని తల్లిలా పట్టుకున్నాడు. ఆవిడా అంతే. సొంత పిల్లలకంటే ఇతని మీదే ధ్యాస ఎక్కువైందని భర్తకి కష్టంగా ఉండేది. ఆయన్ని తప్పుపట్టలేం. అతిథిని చేరదీసిన ఏ ఇంట్లోనైనా ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తారు. అప్పటికి మూడేళ్ల పాప మేరీ పెద్దయ్యాక కృష్ణమూర్తి జీవిత చరిత్ర రాసింది. మనకి ఈ సంగతులు ఇంత వివరంగా తెలియడం ఆవిడ చలవే.

ప్రేమ ఉన్నా కడుపు సర్దుకోవద్దూ? లెడ్‌బీటర్ నియమం ప్రకారం వేళకి గ్లాసులకొద్దీ పాలు, ఓట్ల జావ, గుడ్లు. ఊరగాయ ఊసే లేదు. కృష్ణ కడుపునొప్పితో రాత్రుళ్లు మెలికలు తిరిగేవాడు. బూట్లలో కాళ్లు నలిగేవి. తరవాత్తరవాత ఆ బూట్లే అద్దంలా తుడుచుకునే షోకు అబ్బింది. గోల్ఫ్ ఆడాడు, మోటారు సైకిలు విప్పి బిగించాడు. ధనవంతురాలు మిస్ డాడ్జ్ కృష్ణకి ఏడాదికి 500 పౌన్లు, నిత్యకి 300 ఏర్పాటు చేసింది. డబ్బుకి లోటు లేదు.

కుదురుకే లోటు. పిల్లల్ని తిరిగి ఇమ్మని తండ్రి మద్రాసు హైకోర్టుకెక్కాడు. 1913లో అక్కడ గెలిచాడు, 1914లో ప్రీవీ కౌన్సిల్లో ఓడాడు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయంతో పిల్లల్ని ఊళ్లు మార్చారు. ఒక బస తరవాత ఒక బస. అవతారమన్న ప్రచారం, కోర్టు గొడవ చూసి ఆక్స్‌ఫర్డు చేర్చుకోలేదు. లండన్ మెట్రిక్యులేషన్ నిత్య 1918లో ఆనర్స్‌తో నెగ్గాడు, తరవాత లా చదివాడు. అన్నగారు మాటిమాటికీ తప్పాడు. జగద్గురువని పూజలందుకుంటూ మెట్రిక్ తప్పడం ఎంత బరువో ఊహించుకోండి! 1920లో పారిస్ వెళ్లి మాంజియార్లీ కుటుంబానికి దగ్గరయ్యాక కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఫ్రెంచి పట్టుబడింది.

తెలుగు మాత్రం పోయింది. ఎక్కడో ఒకరోజు పోలేదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే చోట ఉండి కూడా నిలుపుకోలేకపోయారే అని నాకు మొదట్లో ఆశ్చర్యం. ఆలోచిస్తే, అన్నం పెట్టేవాళ్లతో, చదువు చెప్పేవాళ్లతో, ఆటలాడేవాళ్లతో మాట్లాడని భాష ఇద్దరి మధ్య ఎన్నాళ్లు బతుకుతుంది? పైగా వాళ్లకి వారంవారం ఫోను చేసి ఏం తిన్నావురా అని అడిగే అమ్మ లేదు.

దాదాపు పదేళ్ల తరవాత, 1921 డిసెంబరులో, అన్నదమ్ములు ఇండియా వచ్చారు. మద్రాసులో తండ్రిని చూడబోయారు. ఇద్దరూ సాష్టాంగపడి ఆయన పాదాలకి నుదురు తాకించారు. నమస్కారం గుర్తుంది. ఆ మీదట మాట్లాడడానికి తెలుగు ముక్క రాలేదు. కోర్టుల్లో వాళ్లకోసం పోరాడిన మనిషి, ఎదురుగా నిలబడ్డ కొడుకులు, మధ్యన ఇంగ్లీషు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకుంటాను.

నిత్య క్షయతో 1925 నవంబరులో కన్నుమూశాడు. 1929లో కృష్ణమూర్తి తన కోసం పెట్టిన సంస్థని తానే రద్దు చేసి, తాను ఎవరికీ గురువుని కానని ప్రకటించారు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో, 90 ఏళ్ల వయసులో పోయారు. మదనపల్లె దగ్గర కొండల నడుమ ఆయన నెలకొల్పిన రిషి వ్యాలీ బడి ఇప్పటికీ నడుస్తోంది. అక్కడికి ఎన్నోసార్లు వచ్చి పిల్లలతో ముచ్చటించేవారు, ఇంగ్లీషులో.