మేడమ్ క్యూరీ: కష్టకాలంలో తోడు నిలిచినవారు



మేడమ్ క్యూరీ గురించి మనమందరం పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. రేడియం కనుగొన్నదనీ, రెండు నోబెల్ బహుమతులు పొందిందనీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆమె డబ్బులేక చదువు ఆగిపోయిన పేదింటి ఆడపిల్ల అనీ, ప్రేమలో రెండుసార్లు దెబ్బతిన్నదనీ, నలుగురూ వేలెత్తి చూపిన రోజున ఒక స్నేహితురాలి ఇంట్లో తలదాచుకున్నదనీ చాలామందికి తెలియదు. హాస్టల్ వార్షికోత్సవ సందర్భంగా ఆ సంగతులు గుర్తు చేసుకుందాం.

ఆమె అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబర్ 7న పోలెండ్‌లోని వార్సా నగరంలో జన్మించింది. తండ్రి ఉపాధ్యాయుడు. పదేళ్ల వయసులో క్షయ వ్యాధి వల్ల తల్లిని పోగొట్టుకుంది. అప్పట్లో వార్సా రష్యా పాలనలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. పారిస్ వెళ్లి చదవడానికి ఇంట్లో డబ్బు లేదు. అప్పుడు మరియా, ఆమె అక్క బ్రోన్యా ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క పారిస్‌లో వైద్యవిద్య చదవాలి, చెల్లెలు ఉద్యోగం చేసి డబ్బు పంపాలి. తర్వాత అక్క చెల్లెల్ని చదివించాలి.

ఆ మాట ప్రకారం మరియా 1886లో ఒక పల్లెటూరి సంపన్నుల ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే పనికి కుదిరింది. ఆ ఇంటి పెద్ద కొడుకు, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. పేదపిల్ల మాకు కోడలేమిటని అతని తల్లిదండ్రులు అడ్డుచెప్పారు. అతను ఎదురు చెప్పలేకపోయాడు. అంత అవమానం జరిగినా అక్క చదువు ఆగకూడదని ఆమె అదే ఇంట్లో పని కొనసాగించింది.

1891లో ఆమె వంతు వచ్చింది. పారిస్‌లో మేడమీద చిన్న గదిలో, చలికి వణుకుతూ, చాలా రోజులు రొట్టె, టీలతోనే సరిపెట్టుకుని చదివింది. 1893లో భౌతికశాస్త్ర పరీక్షలో ప్రథమ స్థానం సాధించింది.

1895లో పియరీ క్యూరీని పెళ్లాడింది. ఆయన ఆమెను తనతో సమానంగా చూశాడు. 1898లో ఇద్దరూ కలిసి పొలోనియం, రేడియం కనుగొన్నారు. 1903లో నోబెల్ బహుమతికి మొదట ఆమె పేరు లేదని తెలిసి, ఆమెను కూడా చేర్చాలని పియరీ పట్టుబట్టాడు. ఆమె ప్రయోగశాలలో ఉంటే పిల్లల ఆలనాపాలనా మామగారు చూసుకునేవారు.

1906 ఏప్రిల్ 19న పియరీ వీధిలో గుర్రపు బండి కిందపడి మరణించాడు. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. చాలాకాలం చనిపోయిన భర్తతో మాట్లాడుతున్నట్లు డైరీ రాసుకుంది. అయినా ఆ నవంబర్‌లోనే సోర్బాన్ విశ్వవిద్యాలయంలో భర్త ఆపిన చోటి నుండే పాఠం మొదలుపెట్టింది. అక్కడ బోధించిన మొదటి మహిళ ఆమే.

అసలైన పరీక్ష 1911లో వచ్చింది. పియరీ శిష్యుడు పాల్ లాంజెవిన్‌తో ఆమెకు ఏర్పడిన ప్రేమ పత్రికలకెక్కింది. అతనికి భార్యాపిల్లలున్నారు, ఆ సంసారంలో అప్పటికే గొడవలున్నాయి. ఇద్దరిలో ఆమెనే ఎక్కువగా నిందించారు. పరాయి దేశస్థురాలు కాపురం కూల్చిందని రాశారు. ఇంటి ముందు జనం గుమిగూడారు. అప్పుడు స్నేహితురాలు మార్గరెట్ బోరెల్ ఆమెనూ పిల్లలనూ తన ఇంటికి తెచ్చుకుంది. భర్త ఉద్యోగానికి ముప్పన్నారు, కన్నతండ్రి కోప్పడ్డాడు. అయినా మార్గరెట్ స్నేహితురాలిని వదల్లేదు.

అదే సమయంలో రెండో నోబెల్ బహుమతి ప్రకటించారు. గొడవ సద్దుమణిగేదాకా రావద్దని స్వీడన్ నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్త ఉత్తరం రాశాడు. బహుమతి తన పరిశోధనకే గాని తన సొంత జీవితానికి కాదని జవాబిచ్చి ఆమె వెళ్లింది. పక్కన అక్క బ్రోన్యా ఉంది. తిరిగి వచ్చాక తీవ్రమైన జబ్బు, దిగులుతో మంచం పట్టింది. 1912లో ఆపరేషన్ జరిగింది. ఆ వేసవిలో ఇంగ్లాండ్ శాస్త్రవేత్త హెర్తా ఆయర్టన్ ఆమెను సముద్రతీరంలోని ఒక ఇంట్లో, ఎవరికీ తెలియకుండా ఉంచి కోలుకునేలా చేసింది. పెళ్లైన స్త్రీ అన్న కారణంతో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కని హెర్తాకు ఆ బాధ తెలుసు.

కోలుకున్న మేరీ మొదటి ప్రపంచ యుద్ధంలో కూతురు ఐరీన్‌తో కలిసి, ఎక్స్‌రే యంత్రాలు అమర్చిన మోటారు బండ్లతో గాయపడ్డ సైనికులకు సేవ చేసింది. 1932లో వార్సాలో రేడియం ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైనప్పుడు దానికి డైరెక్టర్ అక్క బ్రోన్యాయే. ఏళ్ల తరబడి సోకిన రేడియేషన్ వల్ల వచ్చిన రక్తవ్యాధితో మేరీ 1934 జూలై 4న కన్నుమూసింది.

మిత్రులారా! మన హాస్టల్లోనూ అక్కాచెల్లెళ్లలో ఒకరు చదువుతుంటే మరొకరు పత్తిచేలో కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలున్నారు. దిగులుతో రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చేవాళ్లున్నారు. ఏదో ఒక మాట పుట్టి, ఎవరూ పక్కన కూర్చోక, పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన వాళ్లూ ఉన్నారు. మేరీ క్యూరీ కాగల తెలివి మనలో ఎందరికి ఉందో చెప్పలేం. మార్గరెట్ లాగా ఒక స్నేహితురాలి పక్కన నిలబడటం మాత్రం మనందరి చేతిలో పనే. ఈ ఏడాది మన హాస్టల్ నుంచి ఏ అమ్మాయీ అలా ఒంటరిగా వెళ్లిపోకుండా చూసుకుందాం.