బడిపంతులు రహీముగారు

పెన్నానదీ తీరమున, సోమశిల యిసుక తిన్నెలమీద, సాయంకాలము మన పిల్లలు బంతి తన్నుచుండుట మేము నిత్యము చూచుచునే యున్నాము. వారిలో కుడికాలితో తన్ను నలవాటుగల బాలుడు ఎల్లప్పుడును కుడికాలితోనే తన్నును. బంతి యెడమ ప్రక్కకు వచ్చెనేని చుట్టు తిరిగి దానిని మరల కుడికాలికే తెచ్చుకొనును. ఆ లోపల ఎదుటి పక్షమువాడు వచ్చి బంతిని తన్నుకొని పోవును. ఇది చూచుటకు చిన్న లోపము. ఇట్టి లోపములను బాల్యముననే సరిదిద్దవలెనని తన జీవితమంతయు శ్రమించిన యొక యుపాధ్యాయుని చరిత్రమును మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికలో తెలుపదలచితిమి. ఆయన పేరు సయ్యదు అబ్దుల్ రహీము. హైదరాబాదువారు ఆయనను రహీము సాహెబని పిలిచెడివారు.

అమెరికా దేశమున ఫుట్‌బాలని పిలువబడు ఆట మన యాటవంటిది కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుదురు. అయినను ఆ దేశపు జట్లలో నేలపై నిలిపిన బంతిని రెండు స్తంభముల నడుమగా తన్నుటకే ప్రత్యేకముగా నొక మనుష్యుడుండును. పలుమారు ఆతని యొక్క తన్నుపైననే జట్టంతటి గెలుపోటములు ఆధారపడును. మన ఫుట్‌బాలులో అట్టి ప్రత్యేకపు మనుష్యుడు లేడు గాని అట్టి తన్ను కలదు. దానిని పెనాల్టీ యందురు. గోలుకు 12 గజముల దూరమున బంతిని నిలుపుదురు. గోలును కాచువాడొక్కడే యెదుట నుండును. ఇది మిక్కిలి సులభమని చూచువారికి తోచును. తన్నువానికి మాత్రము గుండె దడదడలాడును.

1948వ సంవత్సరము జూలై 31వ తేదీన, స్వతంత్ర భారతదేశపు జట్టు లండను ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు జట్టు నెదుర్కొనెను. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే యాడిరి. వారి నేర్పును చూచి ఆ దేశస్థులు ఆశ్చర్యపడిరి. ఆనాడు మనకు రెండు పెనాల్టీ తన్నులు లభించెను. రెండును వ్యర్థమయ్యెను. ఒక గోలునకు రెండు గోలులతో మనవారోడిపోయిరి. నేర్పు లేక కాదు, ధైర్యము లేక కాదు. నిలిచియున్న బంతిని గురితప్పక తన్నుట కూడ పాఠమువలె వల్లెవేసి నేర్వవలసిన విద్య యని యీ యోటమి తెలుపుచున్నది. అట్టి విద్యను పాఠముగా చెప్పగల గురువు ఆ కాలమున హైదరాబాదులో నొక బడిలో పనిచేయుచుండెను.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనిరి. విద్యార్థి దశయందే ఫుట్‌బాలునం దాసక్తి గలిగి కళాశాల జట్టునందును, పిమ్మట నగరమునందలి కమర్ క్లబ్బునందును ఆడిరి. చదువు ముగించి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి కాచిగూడ మొదలగు చోట్లనున్న బడులలో పనిచేసిరి. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, బాలురకు వ్యాయామము నేర్పుటయే తమ వృత్తిగా చేసికొనిరి. ఆయన ఆటగాడుగా దేశమంతట పేరు పొందినవారు కారు. పేరు పొందిన ఆటగాండ్రను తయారుచేసినవారు.

ఆయన నేర్పిన పద్ధతులు రెండు మూడు మన విద్యార్థులు తెలిసికొనదగినవి. బాలురకు సహజముగా బంతిని తమయొద్దనే యుంచుకొని, ఒకనిని తప్పించి, మరియొకనిని తప్పించి, చూచువారిచే మెప్పు పొందవలెనని కోరిక యుండును. దీనిని డ్రిబ్లింగందురు. రహీముగారు డ్రిబ్లింగు నిషేధించి పోటీలు పెట్టించిరి. అందు బంతి వచ్చినవెంటనే తోడివానికి పంపవలెను. ఒక్కడు మెరయుట కాదు, పదునొకండుగురు కలిసి యాడుటయే ఆట యని దీనివలన పిల్లలకు తెలియవచ్చెను.

రెండవది, బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను పోటీ. కుడికాలి యలవాటుగలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి యలవాటుగలవాడు కుడికాలితోను తన్నవలెను. మొదట బంతి యెటో పోవును, తోటివారు నవ్వుదురు. అయినను కొన్ని దినములు సాధన చేసినచో ఆ కాలును మాట వినును. అట్టివానిని ఎదుటి పక్షమువాడు అడ్డగింపజాలడు. ఏలయన వాడు ఏ ప్రక్కనుండి తన్నునో ముందుగా తెలియదు. పొట్టివారగు బాలురు పెద్దవారి నడుమ నలిగిపోకుండ వారికి వేరుగా పోటీలు జరిపించుటయు రహీముగారు చేసిన పనులలో నొకటి.

1950వ సంవత్సరమున ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేటనే ఆ జట్టు డ్యూరాండు కప్పును గెలుచుకొనెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు గెలుచుకొనెను. అంతవరకు ఫుట్‌బాలనగా కలకత్తా యనియే జనులు తలచుచుండిరి. దక్షిణాపథమునుండి వచ్చిన పోలీసువారు ఆ తలంపును మార్చివేసిరి.

రహీముగారికి భారతదేశపు జట్టును తీర్చిదిద్దు భారము కూడ లభించెను. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. ఫైనలులో ఇరాను జట్టుపై ఒక్క గోలుతో గెలిచి మనవారు స్వర్ణపతకమును పొందిరి. ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనపై పది గోలులు చేయగా మనవారొక్కటి మాత్రమే చేయగలిగిరి. అప్పటికిని మనవారిలో పలువురు వట్టికాళ్లతోనే యాడుచుండిరి. ఆ పరాభవము తరువాతనే ఆటగాండ్రందరును బూట్లు ధరించి తీరవలెనను నియమమేర్పడినది. పుట్టినది మొదలు వట్టికాళ్లతో తన్నినవాడు బూట్లతో తన్నుట మరల మొదటినుండి నేర్చుకొనవలెను. ఓడినవారిని నిందించుచు కూర్చుండక వారికి మరల మొదటినుండి నేర్పిన గురువు లున్నందుననే ఆ తరువాతి విజయములు మనకు కలిగెను.

ఇచ్చట బలరామును గూర్చి చెప్పవలసియున్నది. తులసీదాసు బలరాము 1936లో సికిందరాబాదు చెంత అమ్ముగూడ గ్రామమున పేదకుటుంబములో జన్మించెను. కుఱ్ఱవాని యాట రహీముగారి కంటబడెను. హైదరాబాదు వచ్చి సాధన చేయుమని ఆయన పిలువగా, అంతదూరము వచ్చిపోవుటకు తనకు డబ్బు లేదని బాలుడు చెప్పెను. రహీముగారు ఆతనికి సైకిలు నేర్పాటు చేసిరి. కొలదికాలములోనే ఆ బాలుడు భారతదేశపు జట్టులో చేరి గొప్ప పోటీలలో దేశము పక్షమున ఆడెను. పేదవాని కాలిలోని నేర్పు ఒక సైకిలు లేక నశించిపోవలసినదే. మన గ్రామములలో అట్టి నేర్పు లెన్ని నశించుచున్నవో ఉపాధ్యాయులమగు మేమును, తల్లిదండ్రులును ఆలోచింపవలసియున్నది.

1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన మన జట్టులో బలరాముతోబాటు హైదరాబాదువా రనేకులుండిరి. డిసెంబరు 1వ తేదీన మనవారు ఆస్ట్రేలియాను వారి దేశముననే 4-2 గోలులతో ఓడించిరి. అందు మూడు గోలులు నెవిలు డిసౌజా చేసినవి. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒకే యాటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి ఆతడే. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనవారిదే యైనను తుదకు 4-1తో ఓడిరి. బల్గేరియాతో కూడ ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. నాలుగేండ్ల క్రిందట పది గోలులు తిన్న జట్టు ప్రపంచమున నాలుగవదగుట సామాన్యమా!

1960లో రోము ఒలింపిక్ క్రీడలకు రహీముగారి కుమారుడు హకీముకూడ జట్టుతో వెళ్లెను. అయినను ఆతనికి ఒక్క యాటలోనైనను ఆడు నవకాశము కలుగలేదు. జట్టు నడిపించువాడు తండ్రి. బయట కూర్చున్నవాడు కొడుకు. ఆ తండ్రి మనస్సెట్లుండెనో చదువరులే యూహింపగలరు. ఆ క్రీడలలో మనవారు హంగరీతో 2-1గా ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమానులై, పెరూతో 3-1గా ఓడిరి. పండ్రెండేండ్ల క్రిందట మనలను ఓడించిన ఫ్రాన్సు ఈ పర్యాయము గెలువజాలకపోయెను.

రహీముగారి జీవితమునకు శిఖరమువంటిది 1962వ సంవత్సరము. ఆ యేడు నాలుగవ ఆసియా క్రీడలు జకార్తా నగరమున జరిగెను. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడియుండెను. ఊపిరితిత్తులలో రాచపుండు బయలుదేరెను. మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేత 2-0తో మనవారోడిరి. పిమ్మట థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచిరి. థాయిలాండుతో ఆడునప్పుడు జర్నైలుసింగు తలకు గాయమై కుట్లు పడెను. ఆతడు గోలువైపు నిలిచి రక్షించువాడు. తలకు కుట్లుండగా ఆతనిని వెనుక నిలుపుట తగదని తలచి రహీముగారు ఆతనిని ముందు వరుసలో నిలిపిరి. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై మనవారు 3-2తో గెలువగా అందొక గోలు జర్నైలుసింగుదే.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన. ఎదుట మరల దక్షిణ కొరియాయే. ఇశ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయలేదు. దానిని విమర్శించిన భారతీయ ప్రతినిధి సోంధీగారిపై ఆ నగరవాసులు ఆగ్రహించియుండిరి. ఆ కోపము మన యాటగాండ్రపైకి తిరిగెను. లక్షమంది వరకు గుమిగూడిన ఆ ప్రాంగణమున మన జాతీయ గీతము పాడునప్పుడు కూడ కేకలు వేసిరి. ముందటి రాత్రి రహీముగారు తమ శిష్యులను పిలిచి, తనకు వారు ఒక్క కానుక నీయవలెననియు, అది స్వర్ణపతకమే కావలెననియు కోరిరని చెప్పుదురు. జ్వరముతో కొన్ని యాటలకు దూరమైన తంగరాజు ఆనాడు గోలు కాచెను. ఆట మొదలైన 17వ నిమిషమున పి. కె. బెనర్జీ ఒక గోలును, మూడు నిమిషముల పిమ్మట కుట్లు పడిన తలతోడి జర్నైలుసింగు మరియొక గోలును చేసిరి. కొరియావారు తుదిలో ఒక్కటి మాత్రమే చేయగలిగిరి. మనవారు 2-1తో గెలిచిరి. గురువు కోరిన కానుకను శిష్యులు చెల్లించిరి.

తొమ్మిది నెలలు గడచినవి. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీముగారు హైదరాబాదున పరలోకగతులైరి. వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. శిక్షకులను గౌరవించు ద్రోణాచార్య బహుమానము 1985లో గాని ఏర్పడలేదు. 1970లో బాంకాకులో మనవారు కంచు పతకమును పొందిరి గాని, జకార్తా తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల లభింపలేదు. బలరాము కూడ 2023లో గతించెను. 2024లో రహీముగారి చరిత్రము చలనచిత్రముగా వచ్చుటచే ఈ కాలపు పిల్లలకును ఆయన పేరు కొంత తెలిసినది.

తల్లిదండ్రులలో కొందరు ఆటలు చదువునకు శత్రువులని తలతురు. వారి భయము నిష్కారణమని మేమనము. పంట పండక, అప్పు తీరక కష్టపడి పిల్లవానిని బడికి పంపినవారికి వాడు మైదానమున నుండుట చూచి కోపము వచ్చుట సహజమే. కాని రహీముగారు బడిపంతులే యని వారు మరువరాదు. ఆయన మైదానమున చెప్పినదియు పాఠమే. తనకు చేతకాని దానిని దాచుకొనక, నలుగురిలో నవ్వులపాలైనను దానినే అభ్యసింపవలెననునదే ఆ పాఠము. లెక్కలలో వెనుకబడినవాడు లెక్కలనే మానుకొన్నచో అది కుడికాలితోనే తన్నుట వంటిది. నలుగురిలో మాటాడ భయపడువాడు నోరు మూసికొని కూర్చున్నను అట్టిదే.

విద్యార్థులారా! రేపు సాయంకాలము ఏటి యొడ్డున బంతి మీ యెడమ ప్రక్కకు వచ్చినప్పుడు చుట్టు తిరుగకుడు. ఎడమకాలితోనే తన్నుడు. మొదట అది యెటో పోవును. పోనిండు. మరల తెచ్చి మరల తన్నుడు.