ఆల్ఫ్రెడ్ బినే

గ్రంథాలయమున చదివిన చదువే పెట్టుబడిగా ఒక శాస్త్రమున ప్రవేశించి లోకప్రసిద్ధి గాంచినవారు అరుదు. ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రజ్ఞుడగు ఆల్ఫ్రెడ్ బినే అట్టివాడు. చదువురాని బిడ్డను మొద్దని త్రోసివేయుటకు ముందు, వాని బుద్ధి యే మేరకు ఎదిగినదో పరీక్షించి చూడవలెనని లోకమునకు దారి చూపినది ఆయనయే.

బినే 1857వ సంవత్సరము జూలై 8వ తేదీన నీస్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు, తల్లి చిత్రలేఖనమున నేర్పరి. వారిరువురు వేరుపడుటచే బాలుడు తల్లి పోషణలో పెరిగి, ఆమెతో పారిస్ చేరి అచ్చట విద్యాభ్యాసము చేసెను. 1878లో న్యాయశాస్త్ర పట్టము పొందెను గాని ఆ వృత్తి ఆయనకు రుచింపలేదు. వైద్యవిద్యకు పూనుకొని దానిని కూడ విడిచెను. దిక్కుతోచని ఆ దినములలో పారిస్ లోని జాతీయ గ్రంథాలయమునకు పోయి మనస్తత్వ గ్రంథములు చదువ నారంభించెను. గురువు లేడు, పాఠము లేదు, పుస్తకములే దిక్కు.

పిమ్మట సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో శార్కో అను సుప్రసిద్ధ వైద్యుని కడ చేరి వశీకరణ విద్యపై ప్రయోగములు చేసెను. అయస్కాంతమును ఇటునటు జరిపినంతనే రోగి దేహమున ఒక ప్రక్క లక్షణములు రెండవ ప్రక్కకు మారునని ఆయన ప్రకటించెను. బెల్జియము దేశీయుడగు డెల్బూఫ్ దీనిని పరీక్షించి, వైద్యులు తమ యెదుటనే మాటలాడుకొనుచుండగా విని రోగులు అట్లు ప్రవర్తించుచున్నారే గాని అయస్కాంత మహిమ యేమియు లేదని తేల్చెను. బినేకు అది గొప్ప పరాభవము. అయినను తప్పును ఒప్పుకొనెను. ప్రశ్న అడుగువాడు తన కంఠస్వరముతోనైనను జవాబును సూచింపరాదను జాగ్రత్త ఆయనకు జీవితాంతము నిలిచినది ఈ దెబ్బ వలననే కాబోలు.

1884లో ఆయనకు వివాహమయ్యెను. మాడలేన్, ఆలీస్ అను ఇరువురు కుమార్తెలు కలిగిరి. ఇంటనే ఆ బాలికలకు చిన్నచిన్న పరీక్షలు పెట్టి, ఒకే ఇంట పెరిగిన అక్కచెల్లెండ్ర ఆలోచనారీతులు సైతము ఎట్లు వేరువేరుగా నుండునో ఏండ్ల తరబడి వ్రాసికొనెను. 1891లో సోర్బోన్ ప్రయోగశాలయందు జీతము లేకయే చేరి, కొలది సంవత్సరములకు దాని అధ్యక్షుడయ్యెను. ఆచార్య పదవి మాత్రము స్వదేశమున ఆయనకు దక్కలేదు.

తల పెద్దదైన బుద్ధి పెద్దదని ఆ కాలపు పండితులు నమ్ముచుండిరి. బినే కూడ బడులకు పోయి బాలుర తలలు కొలిచెను. చురుకైనవారికిని వెనుకబడినవారికిని తేడా అత్యల్పముగా నుండుటచే, ఆ కొలతల వలన ఒక్కొక్క బిడ్డను గూర్చి తెలియునది లేదని గ్రహించెను.

ఫ్రాన్సున 1882లో ప్రాథమిక విద్య నిర్బంధమయ్యెను. అంతవరకు బడి గుమ్మము ఎక్కని పిల్లలు తరగతులకు వచ్చిరి. వారిలో కొందరికి పాఠము అంటలేదు. అట్టివారిని వేరుచేయుటెట్లు? అల్లరిపిల్లవానిని వదిలించుకొనుటకు ఉపాధ్యాయుడు వానిని మందబుద్ధి యనవచ్చును. చెవి సరిగా వినబడని బిడ్డయు మందబుద్ధివలెనే కనబడవచ్చును. ఒకే బిడ్డను వేర్వేరు వైద్యులు వేర్వేరు తరగతులలో చేర్చుచుండిరి. 1904లో ప్రభుత్వము ఈ సమస్యను విచారించుటకు సంఘమును నియమించెను. బినే అందు సభ్యుడు.

మరుసటి సంవత్సరమే, థియడోర్ సిమోన్ అను యువవైద్యునితో కలసి, ఆయన ముప్పది పరీక్షల వరుసను ప్రకటించెను. వెలిగించిన అగ్గిపుల్లను కన్నులతో అనుసరించుట మొదటిది. చాక్లెట్ ముక్కకును కొయ్యముక్కకును భేదమెరుగుట, మూడంకెలు తిరిగి చెప్పుట, ఈగకును సీతాకోకచిలుకకును గల తేడా చెప్పుట, ఇట్లు క్రమముగ కఠినమగును. చదువుతో నిమిత్తము లేకుండ తెలివిని చూడవలెననుట ఆయన ఉద్దేశము. 1908లో పరీక్షలను వయస్సుల వారీగా కూర్చెను. మూడేండ్ల బిడ్డ తన ముక్కు, కన్నులు, నోరు చూపవలెను. ఐదేండ్లవాడు చతురస్రమును చూచి గీయవలెను. ఎనిమిదేండ్లవాడు ఇరువది నుండి సున్నవరకు వెనుకకు లెక్కింపవలెను. అయితే ఈ కొలతకు బిడ్డ వయస్సు నిక్కముగ తెలిసియుండవలెను. తిరువూరు వంటి సీమలలో పూర్వము బడిలో చేర్చునాడు ఉజ్జాయింపుగ వ్రాయించిన పుట్టినతేదీని పట్టుకొని కొలిచినచో లెక్క తారుమారగును.

బుద్ధి పుట్టుకతో వచ్చిన మార్పులేని సొత్తని చెప్పువారిని 1909లో ప్రకటించిన గ్రంథమున బినే తీవ్రముగ ఖండించెను. వెనుకబడిన పిల్లల ప్రత్యేక తరగతులలో మనస్సునకు వ్యాయామము చేయించెను. సైగ చేయగనే పిల్లలందరు బొమ్మలవలె కదలక నిలువవలెను. క్షణకాలము చూపిన వస్తువుల పేర్లను జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాయవలెను. నిలకడ కుదిరిన పిమ్మటనే అక్షరము. ఈ కృషి, ప్రశ్నల పట్టిక కంటె గొప్పదైనను, తక్కువగా ప్రచారమయ్యెను.

1911 అక్టోబరు 18వ తేదీన ఏబదినాలుగవ యేట బినే మరణించెను. ఆయన పోయిన మరుసటి సంవత్సరమే జర్మనీలో స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుచే భాగించు పద్ధతి తెచ్చెను; 1916లో అమెరికాలో టెర్మన్ బినే పరీక్షలను సవరించి బుద్ధిలబ్ధి అను అంకెను ప్రచారము చేసెను. సాయము చేయుటకు పుట్టిన కొలబద్ద వెలివేయుటకు సాధనమయ్యెను. ఆ దేశమున అనేక రాష్ట్రములలో బుద్ధితక్కువ యను ముద్ర వేసి వేలకొలది జనులకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్సలు చేసిరి. ఇది బినే ఊహింపని ఘోరము.

మన దేశమున కామత్ అను విద్వాంసుడు కన్నడ, మరాఠీ బాలురకు తగినట్లు బినే ప్రశ్నలను మార్చి 1940లో గ్రంథము వెలువరించెను. పారిస్ పిల్లవాడెరిగిన నాణెము మన పిల్లవాడెరుగడు గదా! సికిందరాబాదున 1984లో మానసిక వికలాంగులకై జాతీయ సంస్థ నెలకొనెను. అది పేరు మారి నేటికిని నడచుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బుద్ధిమాంద్యముతోపాటు ఆటిజమును, చదువు వ్రాతలలో మాత్రమే కలుగు ప్రత్యేక లోపములను కూడ గుర్తించినది. నేడు ఒక్క అంకెతో తీర్పు చెప్పరు. కాన్పు ఎట్లు జరిగినది, బిడ్డ ఎన్నడు కూర్చున్నది, ఎన్నడు నడిచినది, ఎన్నడు మాటలాడినది తల్లినడిగి తెలిసికొందురు; వినికిడిని, చూపును పరీక్షింతురు. ఆ పిమ్మటనే, బిడ్డకు తెలిసిన భాషలో, మొదటి ప్రశ్న వేయుదురు.