దమ్మక్క తీసిన దారి

భద్రాచలం పేరు చెప్పగానే మనకు వెంటనే గుర్తొచ్చేది రామదాసు. ఆయన మీద తీసిన సినిమాలు చూశాం, కీర్తనలు నేర్చుకున్నాం, గోల్కొండ కోటకు వెళ్తే ఆయన్ని బంధించిన చెరసాల ఇదేనంటూ పిల్లలకు చూపించాం. మరి రామదాసు కంటే ముందే ఆ గుట్టమీద కంప కొట్టి, పుట్ట కరిగించి, రాముడికి ఇంత నీడ కల్పించిన ఆడమనిషి ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? ఆమె పోకల దమ్మక్క. మా అత్తగారి నోట ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు పాతికేళ్లు. డిగ్రీ చదివాను, ఒకటో రెండో కథలు కూడా అచ్చయ్యాయి, పైగా ఖమ్మం జిల్లా కోడల్ని. అయినా తెలియదు! సిగ్గుపడ్డాను.

దమ్మక్క భద్రాచలం దగ్గరి భద్రిరెడ్డిపాలెంలో ఉండేది. గిరిజన స్త్రీ. కాలం పదిహేడో శతాబ్దం, గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడి. ఆమె కథ స్థలపురాణంలోనూ, జనం నోళ్లలోనూ తరతరాలుగా నిలిచి వచ్చింది. ఇప్పుడు మనం బస్సు దిగి, కొబ్బరికాయ కొనుక్కుని, మెట్లెక్కి దర్శనానికి వెళ్లే ఆ చోటంతా అప్పుడు దండకారణ్యమే. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు, వాటి మధ్య వెదురు పొదలు. 1965లో గోదావరి మీద వంతెన పడేదాకా ఖమ్మం వైపు నుంచి వెళ్లే భక్తులు పడవెక్కి ఏరు దాటాల్సి వచ్చేదంటే, అంతకు మూడు వందల ఏళ్ల కిందట ఆ గుట్ట ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఒకనాటి రాత్రి రాముడు ఆమె కలలో కనబడి, తాను భద్రగిరి మీద ఉన్నానని, వెతికి పూజించమని చెప్పాడట. కలలు మనకూ వస్తాయి. పొద్దున లేచి పొయ్యి రాజేసేసరికి మరిచిపోతాం. దమ్మక్క మరిచిపోలేదు, అడవిలోకి వెళ్లి వెతికింది. చివరకు ఒక పెద్ద పుట్టలో విగ్రహాలు ఉన్నట్టు ఆనవాలు దొరికింది. గడ్డపారతో తవ్వితే విగ్రహాలకు దెబ్బ తగులుతుందని భయపడిందేమో, గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్టను కరిగించింది. వందల కడవల నీళ్లు పోసిందని చెప్పుకుంటారు.

ఈ వందల కడవలనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పురాణం చెప్పేవాళ్లు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నీళ్లు మోయడమంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? మున్సిపాలిటీ కుళాయి రెండు రోజులు రాకపోతే, వీధి చివరి బోరింగు నుంచి నాలుగు బిందెలు తెచ్చేసరికే నడుం పట్టేస్తుంది. గోదావరి అంటే ఎప్పుడూ గట్టును ఒరుసుకుంటూ పారేది కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటి ఊళ్లకు ఊళ్లనే ముంచేసిన ఆ ఏరే, ఎండాకాలం వస్తే ఇసుకలో అంత దూరం నడిస్తే గానీ అందదు. ఆ నీళ్లు ముంచుకుని, గట్టెక్కి, పైకి మోసుకుపోవాలి. పుట్టమన్ను ఎండిందంటే రాయే. ఒక కడవకు వేలెడు మందం కరిగిందో లేదో! అలా కరిగి కరిగి చివరికి, ఎడమ తొడమీద సీతమ్మతో, పక్కన లక్ష్మణుడితో రామయ్య బయటపడ్డాడు.

అక్కడితో ఆమె పని అయిపోలేదు, అసలు పని అప్పుడే మొదలైంది. చుట్టుపక్కల ఊరివాళ్లను కూడగట్టి అడవిలో కొంత మేర కొట్టించింది. వెదురు గడలు నిలబెట్టి, పైన గడ్డి కప్పి పందిరి వేసింది. దగ్గర్లోని తాటిచెట్టు కింద రాలిన పండు తెచ్చి నైవేద్యం పెట్టేది. మంత్రాలు రావు, తోచిన మాటలతోనే దేవుణ్ణి వేడుకునేది. తాటిపండు ఎప్పుడు రాలుతుంది? శ్రావణ భాద్రపదాల్లో, వానల్లో. ఆ వాసన తెలిసినవాళ్లకు తెలుసు, ఇల్లంతా నిండిపోతుంది. పళ్లెంలో అందంగా అమర్చి పెట్టే పండు కాదది. పీచు పీకి, గుజ్జు పిండుకోవాలి.

ఊళ్లో పెరిగిన ఆడవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. అడవిలో ఒకసారి తీసిన దారి దారిగా ఉండిపోదు. నాలుగు వానలు పడితే బోదగడ్డి మోకాళ్ల దాకా లేస్తుంది, పరికి కంప అడ్డం పడుతుంది, గాలికి విరిగిన కొమ్మ ఒకటి దారికి అడ్డంగా వాలుతుంది. గడ్డికప్పు ఏడాదికోసారి మార్చకపోతే కురుస్తుంది. వెదురు గడలకు పుచ్చు, చెదలు తప్పవు. ఆ పుట్ట పెట్టింది చెదలేగా, పందిరి గుంజల్ని మాత్రం వదులుతాయా? కాబట్టి దమ్మక్క పందిరి ఒక్కసారి వేసి ఊరుకుంటే నిలిచేది కాదు. ఏడాదికేడాది కొడవలి పట్టి ఆ దారి మళ్లీ తీసి ఉండాలి, గడ్డి మళ్లీ కప్పి ఉండాలి. ఇదంతా పురాణంలో ఉన్న మాట కాదు, ఇల్లు నడిపేదాన్ని కాబట్టి నాకు తోచిన లెక్క. ఈ పనికి ఆమెకు జీతమిచ్చినవాళ్లు లేరు, చెయ్యమని హుకుం జారీ చేసినవాళ్లూ లేరు.

ఆ దారి వెంటే క్రమంగా జనం రావడం మొదలైంది, జాతర జరిగింది. ఆ జాతర వల్లే గోపన్న అక్కడికి వచ్చాడు. ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న అప్పటికి పాల్వంచ పరగణాకు తహశీల్దారు. గోల్కొండ కొలువులో పెద్దలైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. పరగణా ప్రజలంతా భద్రాచలం జాతరకు పోతుంటే తనూ చూద్దామని బయల్దేరాడు. దేవుడు గడ్డిపందిరి కింద ఉండటం చూసి ఆయన మనసు కలుక్కుమంది. గుడి కట్టడానికి చందాలివ్వమని జనాన్ని అడిగాడు. వాళ్ల దగ్గర ఏముంది? వసూలైన శిస్తు సొమ్ముతో ముందు గుడి కట్టించమని, పంటలు చేతికొచ్చాక తామంతా తీర్చేస్తామని మాటిచ్చారు.

తర్వాతి కథ మీ అందరికీ తెలిసిందే. ఆరు లక్షల వరహాలతో గుడి లేచింది. కబురు తానీషా చెవిన పడింది. గోపన్నను గోల్కొండ చెరలో వేశారు, పన్నెండేళ్లంటారు. తానీషా రాజ్యం చేసిందే 1672 నుంచి 1687 దాకా పదిహేనేళ్లు. అందులో పన్నెండేళ్లు ఒక మనిషి చీకటి గదిలో గడిపాడంటే గుండె తరుక్కుపోతుంది. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు బాకీ కట్టి విడిపించారని చెప్పుకుంటాం.

గోపన్న రామదాసయ్యాడు. దేవుడికి చేయించిన నగల ఖర్చంతా కీర్తనలో ఏకరువు పెట్టి మరీ రాముణ్ణి నిలదీశాడు. అందుకే చింతాకు పతకం, కలికితురాయి ఈనాటికీ మన నోళ్లలో ఉన్నాయి. ఆయన అడగడంలో తప్పేమీ లేదు, అన్ని దెబ్బలు తిన్నవాడికి ఆ మాత్రం కోపం రాదా! అయితే కడవలు, గడ్డి, వెదురు, తాటిపండు... వీటి లెక్క ఏ పద్దులోనూ ఎక్కలేదు. గుడి కథలో గోపన్న అడుగుపెట్టగానే చెప్పేవాళ్ల గొంతు ఆయన వైపు తిరిగిపోతుంది. దమ్మక్క వాకిట్లోనే ఉండిపోతుంది.

ఆమెను శబరితో పోలుస్తారు. పండ్లు పెట్టింది కాబట్టి, అడవిలో ఉంది కాబట్టి ఆ పోలిక సహజమే. భద్రాచలానికి దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నది పేరు కూడా శబరే. కానీ నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చదు. శబరి రాముడు వస్తాడని కూర్చుని ఎదురుచూసింది. దమ్మక్క లేచి వెళ్లి వెతికింది, బయటికి తీసింది, పదిమంది వచ్చేలా దారి వేసింది.

ఆమెను అందరూ మరిచిపోయారని అనలేను. దమ్మక్క పేరిట సేవాయాత్ర జరిపిస్తున్నారు. చుట్టుపక్కల గిరిజనులు పూలూ పండ్లూ పట్టుకుని, డోలు వాయించుకుంటూ వచ్చి రామయ్యను చూసుకుంటారు. శ్రీరామనవమి కల్యాణానికి తానీషా నాటి ఆనవాయితీ అంటూ ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి కదా. వాటితోపాటు ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలిచి పంపే గోటి తలంబ్రాలు కూడా వస్తాయి. ముత్యాల సంగతి ఎలా ఉన్నా, ఆ గోటి తలంబ్రాలు చూస్తే నాకు దమ్మక్కే గుర్తొస్తుంది.

కిందటి శ్రావణంలో భద్రాచలం వెళ్తూ సంచిలో ఒక తాటిపండు పెట్టుకున్నాను. మెట్ల దగ్గరికి వెళ్లాక మొహమాటం వేసింది. పట్టుచీరలు, ఆపిల్ పళ్లు, పూలబుట్టల మధ్య ఆ నల్లటి పండుతో వరుసలో నిలబడటం ఎలా? అప్పటికే దాని వాసనకు పక్కావిడ ముక్కు ఎగబీల్చింది. చివరికి కింద వెదురు చేటలు అమ్ముకుంటున్న అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వాసన చూసి, పండు మంచిగుందని, ఎక్కడిదని అడిగింది. మా అత్తగారి ఊరు చెప్పాను. దమ్మక్క తల్లికి పెట్టాలని తెచ్చానని కూడా చెప్పాను. అవ్వ నవ్వి, పక్కన గోనెసంచి మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.