భూమి ధర ఎవరి కష్టార్జితం? – హెన్రీ జార్జి జీవితం

హెన్రీ జార్జి గారు 1839 సెప్టెంబరు 2న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించారు. తండ్రి కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా. పది మంది పిల్లలు, చాలీచాలని జీతం. అందుచేత పద్నాలుగేళ్ళు నిండకుండానే బడి మానవలసి వచ్చింది. 1855లో ఓడలో పనికి కుదిరి ఆస్ట్రేలియా మీదుగా మన కలకత్తా వరకు వచ్చారు. హుగ్లీ నదిలో తేలుతున్న శవాలను ఆ కుర్రవాడు కళ్ళారా చూశాడు. గొప్ప గొప్ప భవనాలున్న ఊళ్ళో అంత దరిద్రం!

తరువాత కాలిఫోర్నియా చేరి ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేశారు. 1861లో పెళ్ళయింది. 1865లో రెండో బిడ్డ పుట్టిన రోజున ఇంట్లో తిండిగింజ లేదు. వీధిలోకి పోయి, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని ఆపి అయిదు డాలర్లు అడిగారు. ఆయన ఇచ్చాడు. ఇవ్వకుంటే ఏ అఘాయిత్యానికి తలపడేవాడినో అని తరువాత ఆయనే ఒప్పుకున్నారు. ఆకలి బాధ పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు.

1870లో ఒకనాడు ఓక్లండ్ దగ్గర గుర్రం మీద పోతూ ఒక బండివాణ్ణి అక్కడి భూమి ధర అడిగారు. ఎకరం వెయ్యి డాలర్లన్నాడు. పంట లేదు, ఇల్లు లేదు, గడ్డి మేస్తున్న పశువులు తప్ప ఏమీ లేవు. మరి ధర ఎందుకు పెరిగింది? జనం వస్తున్నారు, రైలు వచ్చింది. మన దగ్గర మాత్రం? కొత్త రోడ్డు పడుతుందన్న మాట పుట్టగానే పక్క జాగా మాలిక్ కాలు మీద కాలు వేసుకుని లక్షలు లెక్కపెడతాడు. కిరాయి ఇంట్లో ఉన్నవాడికి కిరాయి పెరుగుతుంది, అంతే.

ఇదే ఆలోచనతో 1879లో ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ అనే గ్రంథం వెలువరించారు. మొదటి ముద్రణకు కొంత టైపు ఆయనే స్వయంగా కూర్చారు. జనం వల్ల పెరిగిన భూమి విలువను పన్నుగా జనానికే తేవాలి, కష్టం మీద, కట్టడాల మీద, సరుకుల మీద పన్నులు ఎత్తివేయాలి అన్నది సారాంశం. బజారును ఆయన శత్రువుగా చూడలేదు. అందుకే మార్క్సుకు ఈయన నచ్చలేదు, జమీందార్లకు అసలే నచ్చలేదు. టాల్‌స్టాయ్ మాత్రం ఎంతో మెచ్చుకున్నారు. ఈ సిద్ధాంతం బోధించడానికే ఎలిజబెత్ మేగీ అనే ఆమె 1904లో ఒక ఆటకు పేటెంటు పొందింది. మన పిల్లలు ఆడే ‘బిజినెస్’ ఆటకు మూలం అదే!

భూస్వాములకు నష్టపరిహారం అక్కర్లేదని కూడా ఆయన వాదించారు. జీవితమంతా కూడబెట్టి నూరు గజాలు కొన్న వితంతువు సంగతేమిటి? ఇక్కడ నాకు ఆయన జవాబు చాలదనిపిస్తుంది. మరొక మచ్చ కూడా చెప్పాలి. 1869లో చైనా కూలీలు రాకూడదని వ్యాసం రాశారు. పేదవాడి పక్షాన నిలిచిన మనిషికి పక్క పేదవాడు పరాయివాడైపోయాడు!

1886లో కార్మికుల తరఫున న్యూయార్కు మేయరు పదవికి పోటీ చేసి 68 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. ఓడిపోయినా, తరువాత దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్టు కంటే ముందున్నారు. 1897లో డాక్టర్లు వద్దన్నా మళ్ళీ నిలబడ్డారు. పోలింగు ఇంకా నాలుగు రోజులుందనగా, అక్టోబరు 29న కన్నుమూశారు. ఆఖరి చూపుకు లక్ష మంది దాకా వచ్చారంటారు. ఆయన స్థానంలో కుమారుణ్ణి నిలబెట్టారు గాని గెలవలేదు.