ఎడమ కుప్ప, కుడి కుప్ప

లూయీ పాశ్చర్ అంటే నాకు రేబిస్ టీకా, పాల ప్యాకెట్ మీద ఉండే పాశ్చరైజ్డ్ అనే మాట, అంతే. ఆయనకి మొదట పేరొచ్చింది స్ఫటికాలను చేత్తో ఏరినందుకని ఈమధ్యే తెలిసింది.

1822లో ఫ్రాన్స్‌లోని డోల్ అనే ఊళ్లో పుట్టారు. నాన్నది తోళ్లు శుద్ధి చేసే పని. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల బొమ్మలు, ఊళ్లోవాళ్ల బొమ్మలు చూసి చూసి గీసేవారు. ఆ చూపే తర్వాత పనికొచ్చిందేమో అనిపిస్తుంది.

టార్టారిక్ ఆమ్లం ద్రావణం పోలరైజ్డ్ లైట్‌ని కుడికి తిప్పుతుంది. పారాటార్టారిక్ ఆమ్లంలోనూ అవే మూలకాలు, అవే పాళ్లు. కానీ అది అస్సలు తిప్పదు. రెండిటి సోడియం అమోనియం లవణాల స్ఫటికాలు ఒకేలా ఉన్నాయని మిచర్‌లిష్ అనే పెద్ద శాస్త్రవేత్త చెప్పేశారు. 1848లో పాతికేళ్ల పాశ్చర్ మళ్లీ చూశారు. పారాటార్టారిక్ లవణంలో కొన్ని పలుకులకు ఓ చిన్న ముఖం కుడివైపు ఉంది, కొన్నిటికి ఎడమవైపు. మన రెండు చేతుల్లాగా. ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోసి, విడివిడిగా కరిగించారు. ఒకటి కాంతిని కుడికి తిప్పింది, ఇంకోటి ఎడమకి. సమానంగా కలిపితే సున్నా!

డెబ్బై దాటిన బియో గారు వెంటనే నమ్మలేదు. తన దగ్గరున్న ఆమ్లమే ఇచ్చి, తన కళ్ల ముందే చేయమన్నారు. మన ఎక్స్‌టర్నల్ వైవా లాంటిదే. ఫలితం చూశాక ఆ పెద్దాయనే కదిలిపోయి పాశ్చర్ చెయ్యి పట్టుకున్నారు. ఆ ఏడాది మేలోనే పాశ్చర్ వాళ్లమ్మ చనిపోయారు.

కొంత అదృష్టం కూడా ఉంది. ఈ లవణం సుమారు 27 డిగ్రీల లోపైతేనే ఇలా విడిపోతుంది. అప్పుడు ఒక్కో పలుకులో ఒకే రకం అణువులు, మధ్యలో నీటి అణువులతో, హైడ్రోజన్ బంధాలతో అల్లుకుంటాయి. వేడి పెరిగితే రెండు రకాలూ ఒకే స్ఫటికంలో చేరిపోతాయి. మన ఎండాకాలంలో ఏసీ లేకుండా చేస్తే ఏమీ దొరికేది కాదు. హైడ్రోజన్ బంధం అనే మాటే అప్పటికి లేదు. ఏది నిజంగా ఏ వైపుదో 1951లో బైవూట్ బృందం ఎక్స్‌రేలతో తేల్చింది.

తర్వాత ఆయన ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకున్నారు. 1868లో పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడింది. రేబిస్ టీకా ఆ తర్వాతే, 1885లో. 1895లో కన్నుమూశారు.

నేను ల్యాబ్ రికార్డులో అబ్జర్వేషన్లు సీనియర్ల రికార్డు చూసి నింపేదాన్ని. పెద్దవాళ్లు ఆల్రెడీ చూసేశారు కదా అని. ఈసారి రీడింగ్ నేనే తీసుకున్నా. వాళ్లదీ నాదీ కలవలేదు. నాదే రాశా.