ద్రోణం నుంచి నాళికకు: పసేనది రాజు

కోసల రాజు పసేనదినే ప్రసేనజిత్తు అని కూడా అంటారు. బాబాసాహెబ్ తన బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథంలో ఈయన గురించి రాశారు. రాజధాని సావత్థి. రాజుదీ భగవానుడిదీ ఒకే వయసు. రాణి మల్లిక పూలదండలు కట్టేవాళ్ల ఇంటి బిడ్డ. ఈ రాజు ఒకసారి ఎద్దుల్ని, మేకల్ని, గొర్రెల్ని 500 చొప్పున యజ్ఞానికి కట్టించాడు. దాసులు, కూలీలు దెబ్బలకు భయపడి ఏడుస్తూ ఆ పనులు చేశారని సుత్తంలోనే ఉంది. ఏదైనా సరే, ఈయనకి కొంచెం సరిపోయేది కాదు.

తిండీ అంతే. పూటకి ద్రోణం బియ్యపు అన్నం తినేవాడు. పాత కొలతల్లో 16 నాళికలు ఒక ద్రోణం. ఒకరోజు అలాగే తిని, రొప్పుతూ జేతవనానికి వచ్చాడు. తథాగతుడు ఆయన్ని ఎగతాళి చెయ్యలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని ఒక గాథలో చెప్పారు.

రాజుకి తన సంగతి తనకు తెలుసు. కంచం ముందు కూర్చుంటే విన్నదంతా మర్చిపోతాడు! అందుకే వెనక నిలబడ్డ సుదస్సనుడనే యువకుణ్ణి ఆ గాథ నేర్చుకుని, భోజనం వేళ వినిపించమన్నాడు. జీతం రోజుకి 100 కహాపణాలు. ఎలా చేశారో ధమ్మపద అట్ఠకథ చెబుతుంది. రాజు చివరి ముద్ద ఎత్తినప్పుడు గాథ చదవాలి. రాజు ఆ ముద్ద వదిలేస్తాడు. అందులో ఎన్ని మెతుకులున్నాయో అన్ని గింజల బియ్యం మరుపూట తగ్గించి వండాలి. ఒక్కసారిగా కడుపు మాడ్చుకోవడం లేదు, రోజుకి ఒక్క ముద్ద. అలా తగ్గి తగ్గి నాళిక అన్నం దగ్గర ఆగాడు. ఒళ్లు తేలికపడి, మళ్లీ జింకల వెంట, గుర్రాల వెంట పరిగెత్తగలిగాడు.

ఒక మాట. మన తాతలు గంజికి కూడా మొహం వాచారు. తక్కువ తినమనడం అలాంటివాళ్లకి చెప్పే మాట కాదు, ద్రోణం వండించుకునేవాడికి చెప్పింది. అయితే ఇప్పుడు మన ఇళ్లలోనూ షుగరు, బీపీ మాత్రల డబ్బాలున్నాయి. మన పిల్లలకి రెండో వడ్డన దగ్గర గుర్తుచేసే సుదస్సనుడు ఎవరు?

సన్నబడ్డాక రాజు తన ఒళ్లు తనే నిమురుకుంటూ, భగవానుడు ఈ లోకానికీ పరానికీ మేలు చేశాడని పొంగిపోయాడట. చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. 80 ఏళ్ల వయసులో, భగవానుణ్ణి చూడ్డానికి వెళ్లినప్పుడు సేనాపతి మోసం చేసి, ఆయన కొడుకు విడూడభుణ్ణి గద్దె ఎక్కించాడు. మేనల్లుడు అజాతసత్తు సాయం కోసం పసేనది రాజగహం దాకా వెళ్లాడు. అప్పటికే కోట తలుపులు మూసేశారు. అలసిపోయిన ఆ ముసలి రాజు బయటి సత్రంలో పడుకుని, ఆ రాత్రే చనిపోయాడు. తెల్లారాక అజాతసత్తు రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు.